పుష్పక విమానం (1987): మాటల్లేని వ్యంగ్య చిత్రం

పుష్పక విమానం సింగీతం శ్రీనివాసరావు రాసి, దర్శకత్వం వహించిన వ్యంగ్య హాస్య చిత్రం. 1987లో విడుదలైంది. రెండు గంటలకు పైగా నడిచే ఈ సినిమాలో ఒక్క సంభాషణ కూడా వినిపించదు. కన్నడ నటుడు శృంగార్ నాగరాజ్‌తో కలిసి సింగీతమే దీన్ని నిర్మించారు. కన్నడంలో పుష్పక విమాన, తెలుగులో పుష్పక విమానం, తమిళంలో పేసుం పడం, హిందీలో పుష్పక్ అన్న పేర్లతో నడిచింది. కమల్ హాసన్, అమల ప్రధాన పాత్రధారులు. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో 1987కు గాను ఆరోగ్యకరమైన వినోదాన్ని అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా ఎంపికైంది.

దీన్ని చాలామంది మూకీ సినిమా అంటారు. అది సరికాదు. మూకీల్లో శబ్దమే ఉండదు. మాట అవసరమైన చోట తెరమీద అక్షరాలు పడతాయి. ఇందులో వాహనాల హోరు, తలుపు చప్పుడు, జనం గోల, సంగీతం అన్నీ ఉన్నాయి. సంభాషణలను పూరించే అక్షరాల పలకలు మాత్రం లేవు. తెలుగులో టాకీ వచ్చింది 1932లో, భక్త ప్రహ్లాదతో. ఆ తర్వాత అరవై ఏళ్లు కూడా తిరక్కుండానే, మాటల మీద బతకడం అలవాటైన ఒక పరిశ్రమ నుంచి వచ్చిన దర్శకుడు మాటలన్నీ పక్కనబెట్టి సినిమా తీశాడు.

సూళ్లూరుపేట మాస్టారు

సింగీతం 1931లో నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, సినిమాల్లోకి వెళ్లేముందు సూళ్లూరుపేటలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. అక్కడే సొంతంగా నాటకాలు రాసి, తన విద్యార్థులతోనే ఆడించారు. ఇవాళ పారిశ్రామిక నగరం శ్రీసిటీ నుంచి జాతీయ రహదారెక్కితే సూళ్లూరుపేట అరగంట ప్రయాణం. అప్పటికి శ్రీహరికోటలో రాకెట్లు లేవు, సత్యవేడు, వరదయ్యపాలెం పొలాల్లో ఫ్యాక్టరీలు లేవు. సూళ్లూరుపేట, దాని పక్కనున్న తడ 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండి, కొత్త జిల్లాలు వచ్చినప్పుడు తిరుపతి జిల్లాలో కలిశాయి. చిత్తూరు జిల్లాలోని సత్యవేడు కూడా అప్పుడే ఇటు వచ్చింది. కాబట్టి ఈ సినిమా దర్శకుణ్ని తమ ప్రాంతంలో పనిచేసిన మాస్టారిగా చెప్పుకునే హక్కు ఇప్పుడు తిరుపతి జిల్లాకు వచ్చింది.

పిల్లలతో నాటకం ఆడించే మాస్టారికి ఒక సంగతి తొందరగానే బోధపడుతుంది. చిన్నవాడు డైలాగు మర్చిపోతాడు. చేతులు, కళ్లు, నడక మాత్రం గుర్తుపెట్టుకుంటాడు. సింగీతం తర్వాత తీసిన సినిమాల్లో కదలిక మీద ఉన్న పట్టుకు ఆ అనుభవం ఎంత కారణమో తూకం వేయలేం గానీ, దాన్ని పక్కన పెట్టడానికీ లేదు.

సూళ్లూరుపేట తర్వాత ఆయన చేరింది కె.వి.రెడ్డి దగ్గర. మాయాబజార్ (1957) తీసే రోజుల్లో సహాయకుల్లో ఆయన ఒకరు. గురువు దగ్గర పనిచేస్తున్నప్పుడే ఒక పాత్ర భయాన్ని మాటలు లేకుండా చూపించాల్సిన సన్నివేశం ఎదురైందని, సినిమా మొత్తాన్నీ అలాగే తీస్తే ఎలా ఉంటుందన్న ఊహ అప్పుడే మొలకెత్తిందని సింగీతం చెప్పారు. ఆ ఊహ తెరకెక్కడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. ఈలోగా ఆయన నీతి నిజాయితి (1972)తో దర్శకుడయ్యారు. తమిళంలో దిక్కట్ర పార్వతి (1974), తెలుగులో పంతులమ్మ (1977), మయూరి (1985) తీశారు. కమల్ హాసన్‌తో సొమ్మొకడిది సోకొకడిది (1979), అమావాస్య చంద్రుడు (1981) అప్పటికే చేసి ఉన్నారు. నిర్మాతకు కథ చెప్పబోతే డైలాగు రైటరు ఎవరని అడిగే పరిశ్రమలో, ఎవరూ లేరని జవాబు చెప్పడానికి ఆపాటి సర్వీసు అవసరమే.

కథ

నగరంలో ఒక నిరుద్యోగి. అతనికి పేరు లేదు. స్నానాల గది ముందు కూడా వరుసలో నిలబడాల్సిన ఒక ఇరుకు వాటాలో ఉంటాడు. పొద్దున లేస్తే ఉద్యోగాల క్యూ. ఊళ్లో పుష్పక్ అని ఒక పెద్ద హోటలుంది. బయట నిలబడి దాన్ని చూడటమే అతనికి దక్కిన భాగ్యం. ఒక రాత్రి తప్పతాగి రోడ్డు పక్కన పడిపోయిన ధనవంతుడొకడు కనిపిస్తాడు. అతని దగ్గర ఆ హోటలు గది తాళం ఉంటుంది. నిరుద్యోగి ఆ మనిషిని తన గదికి చేర్చి, కట్టేసి, అతని స్థానంలో హోటల్లో కాపురం పెడతాడు.

అక్కడ ఒక ఇంద్రజాలికుడి కూతురు పరిచయమవుతుంది. ప్రేమ పుడుతుంది. ఇదిలా ఉండగా ధనవంతుడి భార్యకు, అతని స్నేహితుడికి మధ్య సంబంధం నడుస్తుంటుంది. ఆ స్నేహితుడు ధనవంతుణ్ని చంపడానికి ఒక కిరాయి హంతకుణ్ని పెడతాడు. హంతకుడికి తెలిసింది గది ఒక్కటే. గదిలో ఉన్నవాడే తన మనిషి అనుకుంటాడు. అతని ఆయుధం మంచుతో చేసిన కత్తి: పొడిచాక కరిగిపోతుంది, సాక్ష్యం మిగలదు. పొడవకముందే కరిగితే ఏమవుతుందన్నది సినిమా పొడవునా నడిచే హాస్యం.

చివరికి నిరుద్యోగి తాను చేసింది తప్పని తెలుసుకుంటాడు, బందీని వదిలేస్తాడు, అమ్మాయికి ఉన్నదున్నట్టు ఉత్తరం రాసి నిజం చెబుతాడు. ఆమె కుటుంబంతో ఊరు విడిచి వెళ్తూ, చిరునామా రాసిన కాగితాన్ని గులాబీకి చుట్టి విసురుతుంది. పువ్వు అందుతుంది, కాగితం గాలికి ఎగిరి మురుగులో పడుతుంది. అతను మళ్లీ ఉద్యోగాల క్యూలో నిలబడతాడు.

రామాయణంలో పుష్పకం కుబేరుడిది. రావణుడు బలవంతంగా లాక్కున్నాడు, రాముడు తిరిగి కుబేరుడికే పంపించాడు. ఈ కథానాయకుడు మొదటి సగంలో రావణుడి పని, రెండో సగంలో రాముడి పని చేస్తాడు. దాన్ని కూడా సినిమా ఎక్కడా నోరు విప్పి చెప్పదు.

అరిచిన నిరుద్యోగి, నోరెత్తని నిరుద్యోగి

ఈ సినిమా విలువ తెలియాలంటే పక్కన ఇంకో సినిమాను పెట్టి చూడాలి. 1981లో వచ్చిన కె.బాలచందర్ ఆకలి రాజ్యంలోనూ కమల్ హాసన్ నిరుద్యోగే. ఢిల్లీలో ఆకలితో తిరిగే ఆ కుర్రవాడు శ్రీశ్రీ కవిత్వాన్ని గొంతెత్తి చదువుతాడు. అతని కోపానికి భాష ఉంది, వాదన ఉంది, హాల్లో చప్పట్లు కొట్టే ప్రేక్షకులున్నారు. ఆరేళ్లు తిరిగేసరికి అదే నటుడు, అదే నిరుద్యోగం. నోట మాట లేదు. ఆ మధ్య కాలంలో ఉద్యోగాల క్యూ ఏమీ తగ్గలేదు. అరిచినా ఎవరూ వినని మనిషికి అరుపు ఎందుకని దర్శకుడు అనుకున్నాడేమో అనిపిస్తుంది.

ఈ సినిమాలో మాటలు లేకపోవడాన్ని ప్రయోగమని, సాహసమని పొగిడి వదిలేయడం మామూలైపోయింది. నా దృష్టిలో ఆ మౌనమే ఇందులోని వ్యంగ్యం. క్యూలో నిలబడిన మనిషి చెప్పేది వినే తీరిక నగరానికి లేదు. సంపన్నుడి గది తాళం చేతికొచ్చాక మాత్రం అతను ఏమీ చెప్పనక్కర్లేదు. తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, సలాములు వచ్చి పడతాయి. లేనివాడికి మాట దండగ, ఉన్నవాడికి మాట అనవసరం. రెండు వైపులా సంభాషణకు చోటు లేని కథను సంభాషణ లేకుండా తీశారు, అంతే.

మారువేషంలో బతికే నిరుద్యోగి తెలుగు తెరకు కొత్తవాడేమీ కాదు. మిస్సమ్మ (1955)లో ఉద్యోగం కోసం ఇద్దరు పెళ్లికానివాళ్లు భార్యాభర్తలుగా నటిస్తారు. సమాజం మీద వ్యంగ్యమూ కొత్తది కాదు. పెద్దమనుషులు (1954) ఇబ్సెన్ నాటకాన్ని ఆధారం చేసుకుని మునిసిపాలిటీ పెద్దల బండారం బయటపెట్టింది. అందులో రేలంగి వేసిన తిక్క శంకరయ్య పిచ్చివాడిలా కనిపిస్తూనే నిజాలు చెబుతాడు. అప్పు చేసి పప్పు కూడు (1959) సంగతి పేరులోనే ఉంది. ఈ వ్యంగ్యాలన్నిటికీ ప్రాణం మాట: డి.వి.నరసరాజు కలం, పింగళి పలుకుబడి, చక్రపాణి చురక. పుష్పక విమానం విడుదలైన 1987లోనే జంధ్యాల అహ నా పెళ్లంట వచ్చింది. కోట శ్రీనివాసరావు వేసిన పిసినారి చూరుకు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే దృశ్యం మర్చిపోయినవాళ్లు లేరు. ఒకే ఏడాది వచ్చిన రెండు సినిమాలూ డబ్బుకూ మనిషికీ ఉన్న వెర్రి సంబంధాన్నే పట్టుకున్నాయి. ఒకటి పూర్తిగా మాటల ఆట; రెండోదానికి మాటతో పనే లేదు. జంధ్యాల సినిమాను కళ్లు మూసుకుని కూడా ఆనందించవచ్చు. సింగీతం సినిమా చూస్తూ పక్కకు తిరిగి పల్లీలు ఒలుచుకుంటే ఒక ముఖ్యమైన మలుపు పోయినట్టే.

నవ్వు ఎక్కడ పుడుతుంది

బిచ్చగాడి సన్నివేశంతో మొదలుపెట్టాలి. నిరుద్యోగి తన దగ్గరున్న డబ్బు చూపించి గొప్పలు పోతాడు. బిచ్చగాడు అంతకంటే ఎక్కువ చూపిస్తాడు. పందెం సాగేకొద్దీ, చింకి గుడ్డల కింద బిచ్చగాడు పరుచుకుని కూర్చున్న నోట్లు బయటపడతాయి. చదువుకున్నవాడు ఓడిపోతాడు. హాలు పగలబడి నవ్వుతుంది. ఆ తర్వాత కొంతసేపటికి ఆ బిచ్చగాడు వీధిలోనే చచ్చిపోతాడు. కింద డబ్బుందని తెలియగానే జనం శవాన్ని వదిలేసి నోట్ల మీద పడతారు. మొదటి సన్నివేశంలో నవ్విన ప్రేక్షకుడే రెండోదాని దగ్గర ఇబ్బందిగా కదులుతాడు. ఇక్కడ ఒక్క మాట పడినా ఉపన్యాసం అయిపోయేది. ఆ బిచ్చగాడుగా వేసింది మన పి.ఎల్.నారాయణ. ఈ సినిమాలో ఆయన నటన గురించి తెలుగువాళ్లు చెప్పుకోవాల్సినంత చెప్పుకోలేదు.

బందీ వ్యవహారం ఇంకా మొరటుగా ఉంటుంది. కట్టేసిన మనిషికి తిండి పెట్టాలి. తిన్నాక జరిగేది కూడా చూడాలి. నిరుద్యోగి దాన్ని ఒక పెట్టెలో పట్టి, రంగు కాగితం చుట్టి, అందంగా కట్టి, బహుమతి మోసుకెళ్లేవాడిలా వీధిలోకి నడుస్తాడు. పైకి మెరిసేదాని లోపల ఏముందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. వినడానికి రోత పుట్టించే ఈ జోకును కుటుంబాలు పిల్లాపాపలతో కూర్చుని నవ్వుకున్నాయి. పురస్కారం ఇచ్చినవాళ్లు ఆరోగ్యకరమైన వినోదమన్నారు. దర్శకుడి నిగ్రహానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. పెట్టె మాత్రమే కనిపిస్తుంది, మిగిలింది ప్రేక్షకుడు ఊహించుకుంటాడు.

అన్నిటికంటే పదునైన దృశ్యం నిద్రది. నక్షత్రాల హోటల్లో మెత్తటి పరుపు మీద పడుకున్నా అతనికి నిద్ర పట్టదు. అంతా నిశ్శబ్దం. టేపు రికార్డరు తీసుకుని పాత వాటాకు వెళ్లి, రాత్రిపూట అక్కడ వినిపించే రణగొణధ్వనిని రికార్డు చేసుకొస్తాడు. హోటల్లో అది పెట్టుకుని హాయిగా నిద్రపోతాడు. పేదరికం మనిషికి దుప్పటిలా అలవాటైపోతుందని చెప్పడానికి కథకులకు పేజీలు పడతాయి. ఇక్కడ ఒక క్యాసెట్టు సరిపోయింది. శబ్దాన్ని ఇలా కథలో భాగం చేయడం వల్లనే దీన్ని మూకీ అనకూడదని మొదట్లో అన్నది.

సంగీతం ఎల్.వైద్యనాథన్‌ది. దూరదర్శన్‌లో మాల్గుడి డేస్ చూసినవాళ్లకు ఆయన చేతివాటం తెలుసు. మాటలు లేని చోట సంగీతం రెచ్చిపోయి ప్రతి భావాన్నీ చేయిపట్టి చూపించే ప్రమాదం ఉంది. వైద్యనాథన్ చాలా చోట్ల తగ్గే ఉన్నారు. ఛాయాగ్రహణం బి.సి.గౌరీశంకర్. చిత్రీకరణలో ఎక్కువ భాగం బెంగళూరులో, ముఖ్యంగా విండ్సర్ మేనర్ హోటల్లో జరిగింది.

నటుల ఎంపిక కూడా గమనించదగ్గది. తాగుబోతు ధనవంతుడుగా సమీర్ ఖఖ్ఖర్. నుక్కడ్ సీరియల్‌లో తాగుబోతు ఖోప్డీగా దేశమంతటికీ తెలిసిన ముఖం. హంతకుడు టిన్ను ఆనంద్, ఇంద్రజాలికుడు కె.ఎస్.రమేశ్, అతని భార్య ఫరీదా జలాల్, ధనవంతుడి స్నేహితుడు ప్రతాప్ పోతన్. తెలుగు, తమిళ, హిందీ, మలయాళ రంగాలవాళ్లు ఒకే ఫ్రేములో ఉన్నా డబ్బింగు అవసరం రాలేదు. మరో చరిత్ర, సాగర సంగమం, స్వాతి ముత్యం చూసిన తెలుగు ప్రేక్షకుడు కమల్ హాసన్ నుంచి పాట, నాట్యం, కన్నీళ్లు ఎదురుచూస్తాడు. అవేవీ లేకుండా కూడా అతన్ని కదలనివ్వకుండా కూర్చోబెట్టింది ఈ పాత్ర. అమలకు కిరాయి దాదా కూడా అదే ఏడాది వచ్చింది; శివ (1989) రావడానికి ఇంకా రెండేళ్లుంది.

ప్రేక్షకుడికి ఎందుకు నచ్చింది

ఈ సినిమాలో సంభాషణలు రాసేది ప్రేక్షకుడు. అద్దం అవతల ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఏమనుకుంటున్నారో మనమే పూరించుకుంటాం. పక్కవాడు వేరే విధంగా పూరించుకుంటాడు. ఇంట్లో టీవీలో చూసినా కాసేపటికి ఎవరో ఒకరు వ్యాఖ్యానం మొదలుపెడతారు, ఇంకొకరు అడ్డొస్తారు. రెండోసారి చూసేటప్పుడు అంతకుముందు కనపడని వివరం కనిపిస్తుంది. చదువురాని ముసలమ్మకు, బడికి వెళ్లని పిల్లాడికి, వినికిడి లేని మనిషికి కథ ఒకేలా అందుతుంది.

ఇంకో కారణం యాస లేకపోవడం. తెలుగు హాస్యం యాస మీద ఎంత ఆధారపడిందో రాయలసీమవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సీమ మాట తెరమీద చాలాకాలం కత్తులు దూసేవాళ్లకో, నవ్వించేవాళ్లకో పరిమితమైంది. చిత్తూరు యాసతో ఒక కథానాయకుడు దేశమంతా తిరగడానికి 2021లో పుష్ప రావాల్సి వచ్చింది. పుష్పక విమానంలో ఎవరిది ఏ ఊరో, ఏ కులమో తెలియదు. ఉన్నవాడా లేనివాడా అన్నదొక్కటే తెలుస్తుంది. వ్యంగ్యం గురి అక్కడే కాబట్టి అది చాలు.

శ్రీసిటీ చుట్టుపక్కల ఈ సినిమాను ఊహించుకుంటే దాని సౌలభ్యం ఇంకా బాగా అర్థమవుతుంది. తమిళనాడు సరిహద్దు పక్కనే. తడలో తెలుగు, తమిళం ఒకే అంగట్లో వినిపిస్తాయి. 2008 నుంచి పెరుగుతూ వచ్చిన శ్రీసిటీలో కార్లు, ఏసీలు, మెట్రో రైలు పెట్టెలు, చాక్లెట్లు తయారవుతాయి. ట్రిపుల్ ఐటీ, క్రియా విశ్వవిద్యాలయం ఉన్నాయి. పని కోసం ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు, సత్యవేడు పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే అమ్మాయిలు ఒకే షిఫ్టులో ఉంటారు. సూళ్లూరుపేటలో 2019లో వెలిసిన వంద అడుగుల వెడల్పు తెర ఉన్న థియేటరు భారీ చిత్రాలకు పేరు పడింది. ఆ తెరమీద ఒక్కసారి ఈ సినిమా వేస్తే ఏ భాషవాడూ బయట నిలబడక్కర్లేదు. సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని గేటు దగ్గర నిలబడిన కుర్రవాడికి మొదటి పది నిమిషాల కథ ఎవరూ వివరించనక్కర్లేదు కూడా.

లోపాలు, తర్వాతి కథ

లోపాలు లేవని కాదు. ఒక మనిషిని రోజుల తరబడి కట్టిపడేయడం ఎంత ఘోరమో సినిమా తేలిగ్గా దాటేస్తుంది. బందీ తాగుబోతు, ధనవంతుడు కాబట్టి మన జాలి అతని వైపు పోకుండా జాగ్రత్తపడింది. ధనవంతుడి భార్య పాత్ర కథ మలుపు కోసం పెట్టినదే తప్ప మనిషిగా నిలబడదు. హోటల్లోని ప్రేమ సన్నివేశాలు కొన్ని కావలసినదానికంటే సాగాయి. మౌనంగా ప్రేమించుకోవడం ఏ సినిమాలోనైనా సులువే కాబట్టి, అక్కడ దర్శకుడికి పరీక్ష తక్కువ, తీపి ఎక్కువ.

ముగింపు మీద భిన్నాభిప్రాయాలున్నాయి. దొంగ బతుకు వదిలి కష్టపడటానికి సిద్ధపడ్డాడు కాబట్టి మంచి ముగింపు అంటారు కొందరు. నాకు అది ఓదార్పుగా అనిపించదు. అతను నీతిగా మారాడు, నిజమే. అతను తిరిగొచ్చిన క్యూ మాత్రం ఏమీ మారలేదు. మంచివాడయినందుకు అతనికి దక్కింది వరుసలో ఒక చోటు. ఆ చేదును తీపి సంగీతం పూర్తిగా కప్పలేదు, కప్పాలని ప్రయత్నించనూ లేదు.

ఈ విజయం తర్వాత సింగీతం, కమల్ జోడీ విచిత్ర సోదరులు (1989), మైఖేల్ మదన కామరాజు (1990) చేసింది. రెండోది దీనికి పూర్తిగా ఎదురు ధ్రువం: ఊపిరాడనివ్వని మాటల ప్రవాహం. ఆపైన సింగీతం ఆదిత్య 369 (1991), భైరవ ద్వీపం (1994) తీశారు. సంభాషణల్లేని పూర్తి నిడివి చిత్రాలు భారతీయ భాషల్లో ఆ తర్వాత కూడా అరుదుగానే వచ్చాయి. పేరు మాత్రం మళ్లీ మళ్లీ వాడుకలోకి వచ్చింది: 2017లో రమేశ్ అరవింద్ నటించిన కన్నడ చిత్రానికి, 2021లో ఆనంద్ దేవరకొండ నటించిన తెలుగు చిత్రానికి ఇదే పేరు. ఆ రెండింటికీ ఈ కథతో సంబంధం లేదు. 1987 చిత్రాన్ని వెతికేవాళ్లకు తెలుగు ప్రతే దొరకాలన్న పట్టింపు అక్కర్లేదు. కన్నడ, తమిళ, హిందీ ప్రతుల్లో ఏది దొరికినా అదే సినిమా.